ఉక్కు నగరములో ఆకుకూర పప్పు

భిలాయి వద్ద ఉక్కు కర్మాగారము నిర్మించుటకు భారత, సోవియట్ ప్రభుత్వములు 1955లో ఒడంబడిక చేసికొన్నవి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ అచ్చటి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. దల్లీ రాజహరా గనుల ఖనిజము ఇచ్చట కరగి రైలు పట్టాలగుచున్నది. ఇంత ఇనుము నడుమ నివసించువారి రక్తమున ఇనుము చాలకపోవుట వింతగా తోచును గాని, కొలిమిలోని ఇనుము వేరు, కంచములోని ఇనుము వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. ఛత్తీస్‌గఢ్ ఈ సగటు కంటె మెరుగుగా లేదు. ముఖము పాలిపోవుట, నాలుగు మెట్లెక్కగానే ఆయాసము వచ్చుట, పిల్లలు చదువుపై మనసు నిలుపలేకపోవుట దీని లక్షణములు. రక్తహీనతకు కారణములు పెక్కు కలవు. వానిలో ఇనుము లోటు ముఖ్యమైనది.

శాకాహారులు ఈ విషయమున మరింత శ్రద్ధ వహింపవలెను. ఆకుకూరలలో, పప్పులలో ఇనుము ఉన్నను, మాంసములోని ఇనుము వలె అది సులభముగా రక్తమున చేరదు. దానికి పులుపు సాయము కావలెను. అదృష్టవశమున తెలుగువారి వంట పులుపు లేనిదే సాగదు.

1931లో పూర్తియైన రాయపూరు-విజయనగరము రైలు మార్గము ఉత్తరాంధ్రమును ఛత్తీస్‌గఢ్ మైదానముతో కలిపినది. కర్మాగారము వెలసిన పిదప శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల నుండి అనేక కుటుంబములు భిలాయి చేరినవి. వారితో చింతపండు, ఆవకాయ జాడీలు వచ్చినవి. కాని ఆకుకూరకై స్వగ్రామమును తలచుకొనవలసిన పని లేదు. ఛత్తీస్‌గఢ్ ప్రజలు ఆకుకూరలను ఎంతో ఇష్టముగా తిందురు. వారి లాల్ భాజీయే మన ఎర్ర తోటకూర. అమారీ భాజీ మన గోంగూరయే. ముంగా అనగా మునగ. శనగ మొక్క లేత చిగుళ్లను సైతము వారు వండుదురు. ఈ అలవాటు మాత్రము పొరుగువారి నుండి మనము నేర్చుకొనదగినది.

నలుగురు గల ఇంటికి 200 గ్రాముల కందిపప్పును కడిగి అరగంట నానవేసి, పసుపు వేసి మెత్తగా ఉడికింపవలెను. రెండు కట్టల తోటకూరను ముందు బాగుగా కడిగి, తరువాతనే తరుగవలెను. తరిగిన పిదప కడిగినచో సారము నీటితో పోవును. ఇనుప మూకుడులో రెండు చెంచాల నూనె కాచి ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, వెల్లుల్లి, ఇంగువ పోపు వేసి, కూర వేసి మగ్గనిచ్చి, ఉడికిన పప్పును, నిమ్మకాయంత చింతపండు రసమును పోసి అయిదు నిమిషములు మరగనీయవలెను. పులుపు తగిలినప్పుడు మూకుడు నుండి కొంత ఇనుము వంటలో దిగును. పప్పు రంగు కొంచెము నల్లబడినను భయపడరాదు. గోంగూర వేసినచో చింతపండు అక్కరలేదు. అయోడిను గల ఉప్పును చివరన వేయవలెను. పప్పు త్వరగా ఉడుకునని సోడా వేయు అలవాటు మంచిది కాదు. దాని వలన థయామిన్ అను బి విటమిను నశించును. దించిన పిదప నిమ్మరసము పిండినచో సి విటమిను చెడక, ఇనుము రక్తమున చేరుటకు తోడ్పడును. భోజనము కాగానే టీ త్రాగువారు ఈ శ్రమనంతయు వ్యర్థము చేసికొందురు. ఒక గంట ఆగుట మేలు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో రెండు వేల కేలరీల భోజనమునకు 85 గ్రాముల పప్పుధాన్యములు, 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు చెప్పబడినవి. పై పప్పు ఒక పూటకే సరిపోవును. రెండవ పూట పెసరట్టో, శనగలో, అలసందలో ఉండవలెను.

పప్పు కొనునప్పుడు ఒక జాగ్రత్త అవసరము. ఛత్తీస్‌గఢ్ రైతులు కోతకు ముందే వరి చేలలో చల్లు పంటలలో తివరా ఒకటి. హిందీలో దీనిని ఖేసారీ అనియు, తెలుగులో లంకపప్పు అనియు అందురు. వానలు లేని ఏట కూడ పండును గనుక కరవులో పేదలను ఆదుకొన్నది ఇదియే, కాళ్లు పడగొట్టినదియు ఇదియే. నెలల తరబడి దీనినే ముఖ్యాహారముగా తిన్నవారికి కాళ్లు బిగిసి నడక పోవును. పోయిన నడక తిరిగి రాదు. ఈ విషపదార్థమును 1964లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎస్. ఎల్. ఎన్. రావు, పి. ఆర్. అడిగ, పి. ఎస్. శర్మ వేరుచేసి గుర్తించిరి. తివరా గింజ గొడ్డలి వలె పలకలుగా ఉండును. బద్దలైనప్పుడు మాత్రము కందిపప్పును పోలును. చౌకగా వచ్చు కందిపప్పులో, శనగపిండిలో కలిపినచో కనుగొనుట కష్టము. కావున శనగపిండిని ఇంటి శనగపప్పుతో విసిరించుకొనుట ఉత్తమము. వేడినీట నానబెట్టి ఆ నీటిని పారబోసినచో విషము చాలవరకు తగ్గును గాని పూర్తిగా పోదు.

రాత్రి షిఫ్టు దిగి వచ్చువారికి, మే నెల ఎండలో పనికి పోవువారికి చద్దన్నము వంటి హాయి మరొకటి లేదు. ఛత్తీస్‌గఢ్‌లో దీనినే బోరే బాసీ అందురు. అన్నము చల్లారగానే శుభ్రమైన నీరు పోసి మూతపెట్టి, ఉదయము ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తినవలెను. జిగురు సాగినను, దుర్వాసన వచ్చినను పారవేయవలెను.

పాలు, పెరుగు సైతము మానినవారు ఒక సంగతి గ్రహింపవలెను. బి12 విటమిను మొక్కల ఆహారమున లభింపదు. చద్దన్నమును నమ్ముకొనుటయు తగదు. దీని లోటు వలన రక్తహీనతయే గాక చేతులు, కాళ్లు తిమ్మిరెక్కుట కూడ కలుగును. అట్టివారు వైద్యుని సలహాపై బి12 మాత్రలు వాడవలెను.

ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ వ్యాధి కూడ ఎక్కువ. ఇది తల్లిదండ్రుల నుండి వచ్చునది; దీని వలని రక్తహీనత ఆకుకూరలతో గాని ఇనుము మాత్రలతో గాని పోదు. అవసరము లేని ఇనుము కీడు చేయవచ్చును. 2023 జూలై 1న ఈ వ్యాధి నిర్మూలనకు జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. కావున నీరసముగా ఉన్న పిల్లవానికి ఇనుము మాత్రలు కొనుటకు ముందు రక్తపరీక్ష చేయింపవలెను.

వండిన పులుసును, పప్పును రాత్రియంతయు ఇనుప మూకుడులో ఉంచరాదు, రుచి చెడును. మూకుడును కడిగి పొయ్యిపై ఆరబెట్టి, ఒక చుక్క నూనె రాసి ఉంచినచో తుప్పు పట్టదు.