నడివయసులో ఈత పోటీలు – అర్ధశక్తి సూత్రం

వ్యాయామం అనగానే మన ఇళ్లలో నడక, యోగాసనాలు గుర్తుకు వస్తాయి. ఈత మాత్రం వేసవి సెలవులలో పిల్లలకు నేర్పించే విద్యగానే మిగిలిపోయింది. పిల్లలను కొలనులో దింపి, తల్లిదండ్రులు తువ్వాళ్లు పట్టుకుని గట్టుపై కూర్చుంటారు. అలా గట్టుపై కూర్చున్న వారి కోసమే ఈ వ్యాసం. నలభై, యాభై ఏళ్ల వయసులో ఈత నేర్చుకోవచ్చు. పోటీలలో పాల్గొని ఆనందించనూ వచ్చు. అయితే, పోటీని ఆయుర్వేదం అంగీకరిస్తుందా అన్న సందేహం సహజం.

శాస్త్రం ఏమంటున్నది?

వ్యాయామం వలన శరీరానికి తేలికదనం, పని చేసే సామర్థ్యం, జఠరాగ్ని దీప్తి కలుగుతాయని, కొవ్వు కరుగుతుందని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. వెంటనే హద్దు కూడా గీశాడు. బలవంతులు సైతం శీతకాలంలోను, వసంతంలోను తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలి. తక్కిన కాలాలలో ఇంకా తగ్గించాలి. అతిగా శ్రమించేవాడు ఏనుగును ఈడ్వబోయిన సింహం వలె నశిస్తాడని హెచ్చరించాడు.

నదిని చేతులతో ఈది దాటరాదని కూడా ఆయన చెప్పాడు. అది లోతు, వడి తెలియని ప్రవాహాల విషయంలో జాగ్రత్తే గాని ఈత విద్యకు నిషేధం కాదు. వృద్ధులు వ్యాయామం మానాలన్న మాట కూడా ఉన్నది. కాని ఆ గ్రంథమే 16 నుండి 70 ఏళ్ల వరకు మధ్య వయసుగా లెక్కించింది. కనుక యాభై ఏళ్లకే ముసలివారమని చేతులు ముడుచుకోనవసరం లేదు.

వయసు వారీ పోటీలు

పెద్దల ఈత పోటీలను మాస్టర్స్ పోటీలు అంటారు. అమెరికా నౌకాదళ వైద్యుడు రాన్సమ్ ఆర్థర్ ప్రోత్సాహంతో 1970లో టెక్సాస్‌లోని అమరిల్లోలో ఆ దేశపు తొలి జాతీయ మాస్టర్స్ పోటీలు జరిగాయి. ముందు ఒక లక్ష్యం ఉంటే పెద్దలు సాధన విడువరన్నది ఆయన ఆలోచన. తొలి ప్రపంచ మాస్టర్స్ పోటీలు 1986లో టోక్యోలో జరిగాయి. 25 ఏళ్లు నిండినవారిని ఐదేసి ఏళ్ల వర్గాలుగా విభజిస్తారు. 52 ఏళ్ల గృహిణి 50–54 వర్గంలోని వారితోనే ఈదుతుంది. మన దేశంలోను జాతీయ స్థాయిలో ఇవి జరుగుతున్నాయి.

జపాను వనిత మియెకో నగవోకా 80 ఏళ్లు దాటాక మోకాలి బాధ నుండి కోలుకోవడానికి ఈత మొదలుపెట్టారు. 2015లో 100 ఏళ్ల వయసున 1500 మీటర్ల దూరాన్ని 1 గంట 15 నిమిషాల 54 సెకండ్లలో ఈదారు. హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల నీటి భయాన్ని జయించడానికి నడివయసులో ఈత నేర్చుకుని, 2021లో పాక్ జలసంధిని ఈదారు. వీరు అందరికీ కొలబద్ద కారు. వయసు అడ్డుగోడ కాదనడానికి నిదర్శనాలు మాత్రమే.

ఆనందం ఎక్కడున్నది?

మెడలోతు నీటిలో కాళ్లపై పడే భారం శరీరపు బరువులో సుమారు 10వ వంతే. మెట్లెక్కడానికి బాధపడే మోకాళ్లు అక్కడ స్వేచ్ఛగా కదులుతాయి. చేతుల కదలికకు శ్వాస లయ కుదిరినప్పుడు మనసు ఇతర చింతలను విడుస్తుంది. గడియారం ముందు పక్కవాని కంటె నిన్నటి మనమే మనకు ప్రత్యర్థి. చివరి స్థానంలో వచ్చినా, పోయిన నెల కంటె రెండు సెకండ్లు తగ్గితే ఆ పూట భోజనం రుచిస్తుంది, రాత్రి నిద్ర పడుతుంది. మనఃప్రసన్నత కూడా ఆరోగ్య లక్షణమేనని సుశ్రుతుని మతం.

అర్ధశక్తిని గుర్తించడం ఎట్లా?

నుదుట, చంకలలో చెమట, నోరెండడం, శ్వాస నోటికి రావడం అర్ధశక్తికి గుర్తులు. నీటిలో చెమట తెలియదు కనుక శ్వాసనే గమనించాలి. గోడ చేరాక ఒక చిన్న వాక్యం పలకలేకపోతే హద్దు దాటినట్లే. నిత్యసాధన ఈ హద్దులోనే సాగాలి. పోటీనాడు హద్దు దాటక తప్పదు. అందుకే నెలల తరబడి సాధన చేసి, పరీక్ష చేయించుకున్నవారే, ఏడాదికి కొద్ది పర్యాయాలు, తక్కువ దూరాలలో పాల్గొనాలి.

పాటించవలసినవి

1. గుండె జబ్బు, అధిక రక్తపోటు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే నీటిలో దిగరాదు.

2. భోజనమైన రెండు గంటల లోపు, అజీర్ణం, జ్వరం ఉన్నప్పుడు ఈదరాదు.

3. ఒంటరిగా ఈదరాదు. ఊపిరి బిగబట్టే పందేలు ప్రాణాంతకం.

4. ఎత్తు నుండి దూకడం పడనివారు నీటిలో నుండే పోటీ ప్రారంభించవచ్చు. మాస్టర్స్ నియమాలు అందుకు అంగీకరిస్తాయి.

5. ఈత తరువాత మంచినీటితో స్నానం చేసి, ఒంటికి పలుచగా నువ్వుల నూనె రాసుకుంటే చర్మం పొడిబారదు. పూర్తి అభ్యంగనం విశ్రాంతి దినాన ఇంటి వద్దనే చేసుకోవాలి.

6. చెవిలో చీము కారుతున్నవారు కొలనుకు వెళ్లరాదు. చెవిలో పుల్లలు తిప్పరాదు.

7. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, గుండెదడ కలిగితే తక్షణం ఒడ్డుకు చేరి వైద్య సహాయం పొందాలి. పతకం కోసం ఆగరాదు.

పిల్లలను కొలనుకు తీసుకువెళ్లే తల్లిదండ్రులు, శిక్షకుని వద్ద తమ పేరు కూడా నమోదు చేయించుకోవాలని నా సలహా. మొదటి లక్ష్యం ఒక కొస నుండి రెండవ కొసకు తొణకని శ్వాసతో చేరడం. గడియారం సంగతి ఆ తరువాత.