గల్లాపెట్టె పక్కనే ఫోను!

అనంతపురం-కదిరి దారిలోని ముదిగుబ్బలో వానపడి చెనక్కాయ పండితేనే గల్లాపెట్టె నిండేది. కరవొస్తే పొలంతోపాటు దుకాణమూ ఎండిపోతుంది. ఊళ్లో బేరం తగ్గినప్పుడు పొరుగూరి నుంచీ బెంగళూరు నుంచీ కొనేవాళ్లను వెతుక్కోవాలి. అందుకు చేతిలోని ఫోను చాలు.

2018లో వచ్చిన వాట్సప్ బిజినెస్‌ని ఉచితంగా వేసుకోవచ్చు. గానుగ నూనె, పల్లీ చిక్కీ... అమ్మేదేదైనా పగటి వెలుగులో ఫొటో తీసి, ధరతో సహా కేటలాగ్‌లో పెట్టండి. కిందే రెండు ముక్కలు రాయండి- కాయ ఏ ఊరిది, నూనె ఎప్పుడు ఆడించారు, ఎన్నాళ్లు నిలవుంటుంది? ‘నాణ్యమైన సరుకు’ అని అందరూ రాస్తారు. నమ్మకం కలిగించేది ఈ వివరాలే. దుకాణం పేరు, తెరిచే వేళలు గూగుల్ మ్యాప్స్‌లోనూ పైసా ఖర్చులేకుండా నమోదు చేసుకోవచ్చు.

డబ్బు దగ్గర మాత్రం జాగ్రత్త. యూపీఐలో సొమ్ము అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. కొట్టమన్నారంటే మోసమే! ‘పంపించేశాం’ అంటూ చూపే స్క్రీన్‌షాట్‌నీ నమ్మొద్దు. ఖాతాలో జమైందని చూసుకున్నాకే సరుకివ్వండి. ఒకవేళ మోసపోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును మధ్యలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. కరవు కాలంలో పోయిన వెయ్యి రూపాయలు మళ్లీ సంపాదించడం తేలిక కాదు మరి!