తెలుగోళ్లంటే 'జెంటూ'లట!

జెంటిల్‌మన్ అంటే ఎవరో అందరికీ తెలుసు. మరి జెంటూ అంటే? ఇంకెవరు, తెలుగువాళ్లే! చెన్నపట్నంలోని ఇంగ్లీషు దొరలు ఒకప్పుడు తెలుగువాళ్లనూ, వాళ్ల భాషనూ పిలిచిన పేరది. ఆ పేరు మూలన పడింది గానీ, దాని చుట్టాలు మాత్రం ఇంగ్లీషులో హాయిగా బతికేస్తున్నాయి.

వీటన్నిటికీ మూలం లాటిన్‌లోని 'జెంటిలిస్'. ఒకే వంశంవాడు, అంటే 'మనవాడు' అని అర్థం. అది ఫ్రెంచి మీదుగా వచ్చి 'జెంటిల్' అయింది. మొదట్లో గొప్పింట పుట్టినవాడు. పోనుపోను నెమ్మదస్తుడు. అదే ఫ్రెంచి మాట మరోసారి వచ్చి 'జెంటీల్' అయింది. దర్జా, నాజూకు అని దాని భావం. ఇప్పుడందులో కాస్త ఎత్తిపొడుపూ ఉంది. హుషారుగా ఉండేవాణ్ని అనే 'జాంటీ' కూడా ఆ ఇంటి పిల్లే. చాసర్ నాటి పెద్దమనిషి తరహా 'జెంటిలెస్' మాత్రం పాతబడిపోయింది.

మనవాడే పరాయివాడు

ఇంకో దారిలో కథ అడ్డం తిరిగింది. లాటిన్ బైబిల్లో ఇదే మాటను యూదులు కాని జాతులకు వాడారు. అలా వచ్చిందే 'జెంటైల్'. మనవాడు కాస్తా పరాయివాడయ్యాడు! పోర్చుగీసువాళ్లు మన దేశానికొచ్చి ముస్లింలను మూర్లనీ, హిందువులను 'జెంటియు'లనీ అన్నారు. ఇంగ్లీషువాళ్ల నోట అది జెంటూ అయింది. 1776లో హాల్‌హెడ్ ఇంగ్లీషులోకి తెచ్చిన హిందూ ధర్మశాస్త్రం పేరులోనూ ఈ మాటే ఉంది. మద్రాసులో మాత్రం అది ప్రత్యేకించి తెలుగువాళ్లకే అంటుకుంది.

1816లో క్యాంప్‌బెల్ తన వ్యాకరణాన్ని 'తెలుగు' భాషదని చెప్పి, దాన్నే జెంటూ అంటారని పేరులోనే చేర్చారు. మరుసటేడు విలియం బ్రౌన్ వ్యాకరణం జెంటూ పేరుతోనే వచ్చింది. 1840లో సి.పి.బ్రౌన్ వ్యాకరణం నాటికి తెలుగే నిలిచింది. ఇవాళ జెంటూ అంటే ఓ రకం పెంగ్విన్ పక్షి!

సరిహద్దు దాటిన తెలుగువాళ్లకు ఇతరులు పేర్లు పెట్టడం కొత్తేం కాదు. తమిళులు 'వడుగర్' అన్నారు, అంటే ఉత్తరాదివాళ్లని. ఎవరేమని పిలిచినా ఇళ్లల్లో తెలుగు అనే చెప్పుకున్నారు కాబట్టే ఆ పేరు మిగిలింది. బడిలో పిల్లల్ని చేర్చేటప్పుడో, జనాభా లెక్కలవాళ్లు తలుపు తట్టినప్పుడో మాతృభాష ఏదని అడుగుతారు. అక్కడ తెలుగు అని రాయించుకోకపోతే, రేపు లెక్కల్లో తెలుగువాళ్లు కనిపించరు.