మట్టికోటను కొలవడం ఎలా?

వరంగల్ కోట చూడవచ్చిన వాళ్లు కీర్తితోరణాల దగ్గర ఫోటో దిగుతారు, రాతికోట దర్వాజా నీడన కాసేపు నిలబడతారు, వెళ్లిపోతారు. దారిలో దాటి వచ్చిన మట్టికోటను మాత్రం ఎవరూ కోట అనుకోరు. తుమ్మలు మొలిచిన దిబ్బ, పక్కనే పూడిపోయిన పల్లం, అంతే కదా అనిపిస్తుంది. కాని కాకతీయుల రాజధానికి ముందువరుస కాపలా కాసింది ఆ దిబ్బే.

గణపతిదేవుడి కాలంలో మొదలైన రాతిగోడ రుద్రమదేవి కాలంలో పూర్తయింది. దాని అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు, బురుజులు 45. దాని చుట్టూ 2.4 కిలోమీటర్ల అడ్డుకొలతతో మట్టికోట, దాని వెలుపల అగడ్త. 1309-10లో మాలిక్ కాఫుర్ సైన్యం ముట్టడించినప్పుడు ఈ గోడలో ఉక్కు ఈటె కూడా దిగలేదనీ, విసిరిన రాతిగుండ్లు తగిలి వెనక్కి ఎగిరిపడ్డాయనీ అమీర్ ఖుస్రో రాశాడు. ఢిల్లీ పక్షం మనిషే ఇలా రాశాడంటే ఆలోచించండి! రాయి దెబ్బకు పగులుతుంది. దిమ్మిస చేసిన మట్టి అలా కాదు, దెబ్బలోని శక్తిని రేణువుల రాపిడిలో మింగేస్తుంది. చివరికి వాళ్లు అగడ్తను పూడ్చుకుని గాని మట్టికోట ఎక్కలేకపోయారు.

ఆ ముట్టడి డేరాల వరుస చుట్టుకొలత 12,546 గజాలని కూడా ఖుస్రో లెక్క చెప్పాడు. నేటి గజమే అనుకుంటే దాదాపు పదకొండున్నర కిలోమీటర్లు. మట్టికోట చుట్టుకొలత ఏడున్నర. డేరాలు కోటకు దూరంగా బయట వేస్తారు గనక ఆ తేడా సహజమే.

ఇక మన కొలత సంగతి. దిబ్బ ఎత్తు ఒక్కటీ కొలిస్తే లాభం లేదు. అగడ్త అవతలి చదును నేల నుంచి కోట లోపలి చదును నేల దాకా అడ్డంగా తాడు లాగాలి. మీటరుకొకచోట, వాలు మారిన ప్రతిచోటా, స్టాఫ్ నిలబెట్టి డంపీ లెవెల్‌తో మట్టం చదవాలి. డంపీ లెవెల్ లేకపోతే మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు చాలు. అన్నీ గ్రాఫు కాగితం మీద ఎక్కిస్తే గుట్టా గుంటా కలిసి ఒక అడ్డుకోత వస్తుంది. పటంలో వాలు చూపడానికి తోకకప్పల్లాంటి గీతలు గీస్తారు: తల కట్ట మీదికి, తోక పల్లం వైపుకి.

ఇందులో అసలు రుచి లెక్కలో ఉంది. గోడ మట్టిలో ఎక్కువభాగం అగడ్తలోంచి వచ్చిందే. మాట వరసకు, అగడ్త వెడల్పు 20 మీటర్లు, సగటు లోతు 4 మీటర్లు అనుకుందాం. మీటరు పొడవుకు 80 ఘనపు మీటర్ల మట్టి. చుట్టూ ఏడున్నర కిలోమీటర్లకు 6 లక్షల ఘనపు మీటర్లు. తట్టకు 20 లీటర్ల చొప్పున మూడు కోట్ల తట్టలు! ఇప్పుడు అడ్డుకోతలో కట్ట వైశాల్యం గుంట వైశాల్యం కన్నా బాగా ఎక్కువ వచ్చిందంటే అగడ్తలో ఒండ్రు చేరిందని మొదటి అనుమానం. తక్కువ వచ్చిందంటే కట్ట మట్టి ఎటో తరలిపోయింది. తవ్విన మట్టి ఉబ్బుతుంది, దిమ్మిస చేస్తే దిగుతుంది. ఆ తేడాకు కొంత సర్దుబాటు తప్పదు. బావి తవ్వించిన ఇంటివాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.

పూడిన అగడ్త కంటికి ఆనకపోయినా పైరు చెబుతుంది. మా బాపు పాత వాగు పూడిన చోటును ఎండాకాలంలో పచ్చదనం చూసి గుర్తుపడతాడు. లోతైన ఒండ్రు తడి నిలుపుకుంటుంది, పక్క చెలక ఎండినా అక్కడ పైరు వాడదు. విమానంలోంచి పాత కందకాలు వెతికేవాళ్ల సూత్రమూ ఇదే.

ఈ పని తొందరగా ఎందుకు చెయ్యాలంటే, రాయి పడిపోయినా రాయిగానే ఉంటుంది, ఎత్తి మళ్లీ నిలబెట్టొచ్చు. మట్టిగోడను ఒక్కసారి చదును చేస్తే దాని ఆకారం మళ్లీ రాదు. కట్ట మీద ఇప్పటికే కొన్నిచోట్ల ఇళ్లు లేచాయి, దారుల కోసం గండ్లు పడ్డాయి. డ్రోన్లతో పైనుంచి కొలిచే రోజులొచ్చాయి, నిజమే. కాని తుప్పల కింది నేల మామూలు ఫోటోలో కనపడదు. ఎండాకాలంలో తుప్పలు పలచబడ్డాక, అనుమతి తీసుకుని, నలుగురు విద్యార్థులు ఒక లెవెల్‌తో పొద్దున దిగితే ఎండ ముదిరేలోగా ఒక అడ్డుకోత పూర్తి చెయ్యొచ్చు.