అమ్మ వంటలో ఉప్పు తగ్గింది!

ఏళ్ల తర్వాత సెలవులకు ఇంటికొచ్చిన ఎన్నారైని ముందుగా పలకరించేది తిండే. ముందుగా తికమక పెట్టేదీ తిండే. ఆ తికమకలో ఇంటి సంగతులు చాలానే దాగుంటాయి.

గోంగూర పచ్చడి, ఉలవచారు, పెసరట్టు ఉప్మా, ముద్దపప్పు ఆవకాయ, సెంటర్లో బండి మీద మిరపకాయ బజ్జీ... ఇదేదో హోటల్ మెనూ కాదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటూ మూడు నాలుగేళ్లకోసారి ఇంటికొచ్చేవాళ్లు మనసులో రాసుకునే జాబితా. మూడు వారాల సెలవు. పూటకొకటి చొప్పున లెక్కేసినా అరవై మూడు పూటలు. అన్నీ తినేసి వెళ్లొచ్చనే అనుకుంటారు. తీరా నాలుగోరోజుకే ఓ మాట బయటికొస్తుంది... 'ఏంటోనమ్మా, ఆ రుచి రావట్లేదు!'

రుచి మారిందా, నాలుక మారిందా, ఇల్లే మారిందా? మూడూ నిజమే.

దీనికీ ఓ పేరుంది

కొత్త దేశంలో అడుగుపెట్టినవాళ్లు అక్కడి తీరుతెన్నులు చూసి బిత్తరపోవడాన్ని 'కల్చర్ షాక్' అంటారు. మానవశాస్త్రవేత్త కలెర్వో ఓబెర్గ్ 1950ల్లో ఈ మాటను బాగా ప్రచారంలోకి తెచ్చారు. 1955లో స్వెర్రే లిస్‌గార్డ్ అనే పరిశోధకుడు, అమెరికాలో చదివొచ్చిన నార్వే విద్యార్థుల అనుభవాల్ని పరిశీలించి అది ఆంగ్ల అక్షరం 'యు'లా ఉంటుందన్నారు. మొదట సంబరం, తర్వాత దిగులు, ఆపైన సర్దుకుపోవడం. 1963లో గుల్లాహార్న్ దంపతులు దాన్ని 'డబ్ల్యూ'గా పొడిగించారు. ఎందుకంటే సొంతూరికి తిరిగొచ్చాక ఈ తంతంతా మళ్లీ మొదలవుతుంది కాబట్టి!

నిజానికి ఈ రెండో దెబ్బే ఎక్కువ తగులుతుంది. పరాయి దేశానికి వెళ్లేటప్పుడు అంతా కొత్తగా ఉంటుందని సిద్ధపడే వెళ్తాం. ఇంటికొచ్చేటప్పుడు ఎవరు సిద్ధపడతారు? సామాజికవేత్త ఆల్‌ఫ్రెడ్ షుట్జ్ యుద్ధం నుంచి ఇళ్లకు చేరుతున్న సైనికుల్ని దృష్టిలో పెట్టుకుని 1945లోనే ఈ సంగతి రాశారు. వచ్చినవాడి మనసులో ఉన్నది తాను వదిలివెళ్లిన ఇల్లు. ఇంట్లోవాళ్ల మనసులో ఉన్నది ఆనాడు వెళ్లిన మనిషి. ఇద్దరూ వెతుక్కునేది ఇప్పుడు లేనిదాన్నే.

మిరపకాయ పరీక్ష

కారాన్ని మనం రుచి అంటాం కానీ, శరీరానికది మంట. మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం, వేడిని పసిగట్టే నరాల్ని తట్టిలేపుతుంది. ఇది ఎలా జరుగుతుందో 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. రోజూ కారం తినేవాళ్లలో ఆ నరాలు కొంత మొద్దుబారతాయి. కొన్నేళ్లు తగ్గించి తిన్నాక మళ్లీ చురుగ్గా పనిచేస్తాయి. అందుకే ఒకప్పుడు పచ్చిమిరపకాయ కొరుక్కుని చద్దన్నం తిన్న మనిషి, ఇప్పుడు పండుమిరప పచ్చడి తినగానే మజ్జిగ గ్లాసు కోసం తడుముకుంటాడు. పక్కనున్న బావమరిది ఊరుకుంటాడా? 'దొరబాబు వచ్చాడర్రా' అంటూ మొదలుపెడతాడు.

కడుపుదీ అదే కథ. సొంతవాళ్లను చూడ్డానికి వెళ్లే ప్రయాణికుల్ని వైద్యులు ప్రత్యేకంగా గమనిస్తారు. పర్యాటకులైతే టీకాలు వేయించుకుంటారు, జాగ్రత్తలు అడుగుతారు. 'మా ఊరే కదా' అన్న ధీమాతో వీళ్లు అవేవీ చెయ్యరు. దాంతో టైఫాయిడ్ లాంటి జబ్బుల ముప్పు వీళ్లకే ఎక్కువ.

జాగ్రత్తపడితే ఇంకో చిక్కు. పిల్లలకు సీసా నీళ్లే పట్టిస్తే, 'మనింటి నీళ్లు నా మనవడికి పనికిరావా?' అని నానమ్మ నొచ్చుకుంటుంది. నీళ్లు కాచి చల్లార్చే పనిని ఆవిడ చేతికే అప్పగిస్తే... మనవడికీ మంచిది, మాటా దక్కుతుంది.

అక్కడ గోంగూర... ఇక్కడ పిజ్జా!

న్యూజెర్సీలో ఎండాకాలం వస్తే తెలుగువాళ్ల పెరళ్లలో గోంగూర, బచ్చలి, దోసపాదులు కనిపిస్తాయి. కరివేపాకు మొక్కనైతే కుండీలో పెట్టి, చలికాలం ఇంట్లోకి తెచ్చి పసిబిడ్డలా సాకుతారు. మనదేశం నుంచి ఆ ఆకు పట్టుకెళ్లడానికి వీల్లేదు మరి. నారింజ, నిమ్మ తోటలకు తెగులు మోసుకొచ్చే పురుగు దానిమీద ఉంటుందని అమెరికా అనుమతించదు. వెళ్లిననాటి ఊరిని వాళ్లు అలా కుండీలో దాచుకుంటుంటే, ఆ ఊరు మాత్రం ఆగలేదు.

మేనల్లుడు ఫోన్లో పిజ్జా తెప్పించుకుంటాడు. బిర్యానీకి పోటీగా మందీ వచ్చింది. తెల్లన్నం మీద బెంగతో వచ్చిన కొడుక్కి నాన్న కంచంలో కొర్రన్నం కనిపిస్తుంది. హైదరాబాద్‌లో సాయంత్రమైతే రోడ్డు పక్కన పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతున్నారు. ఒకప్పుడు ఇంటి తిండి, ఇప్పుడు షుగరున్నవాళ్లు వెతుక్కుంటూ వచ్చే తిండి! సున్నుండలేవని అడిగితే స్వగృహ దుకాణం డబ్బా వస్తుంది. అమెరికాకు పార్సిల్ వెళ్లేదీ అలాంటి డబ్బానే.

బజ్జీల బండి దగ్గర మరో అనుభవం. జేబులోంచి 500 నోటు తీస్తే 'చిల్లర లేదు, స్కాన్ చెయ్యండన్నా' అంటాడు బండబ్బాయి. 2016లో వచ్చిన యూపీఐ ఇక్కడ అందరికీ అలవాటైపోయింది. ఆ ఏడాదే రద్దయిన పాతనోటు పర్సు అరలో ఇంకా దాచుకున్న ఎన్నారైకి, పుట్టిపెరిగిన ఊళ్లోనే ప్లేటు బజ్జీలకు పక్కవాణ్ని డబ్బులడగాల్సి వస్తుంది.

సెలవులొకప్పుడు... రుచులొకప్పుడు

మన తిండికో కాలం ఉంటుంది. తాటిముంజలు, బంగినపల్లి మామిడి, కొత్తావకాయ... అన్నీ ఏప్రిల్, మే నెలల్లోనే. అమెరికాలో బడులకు సెలవులిచ్చి, ఇక్కడికి వచ్చేసరికి మృగశిర కార్తె దాటిపోతుంది. మామిడి కథ ముగిసిపోతుంది. పులస కోసమైతే గోదావరికి ఎర్రనీరు రావాలి. క్రిస్మస్‌కు వస్తే ధనుర్మాసం పొంగలి, తేగలు దొరుకుతాయి కానీ, అరిసెల పాకం పట్టేనాటికి తిరుగు ప్రయాణం. కొడుకు కోసం అమ్మ ముందే ఓ గుప్పెడు అరిసెలు వండుతుంది. రుచి అదే. పండగే లేదు.

ఉప్పు ఎందుకు తగ్గింది?

ఇప్పుడు అసలు సంగతి. 'పప్పులో ఉప్పు లేదేంటమ్మా' అంటే, 'ఈమధ్య తగ్గించాంలే నాన్నా' అని మాట మార్చేస్తుంది. ఆ తగ్గిన ఉప్పు వెనక నాన్న బీపీ ఉంది. రోజుకు 5 గ్రాముల్లోపే ఉప్పు తినమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన ఇళ్లలో పచ్చడి, అప్పడం, మజ్జిగ మిరపకాయ కలిస్తే ఆ గీత దాటడం ఎంతసేపు! పచ్చడి రోట్లో కాకుండా మిక్సీలో పడిందంటే అమ్మకు భుజం నొప్పి కావచ్చు. మూడు కూరల చోట ఒక్కటే ఉందంటే, మిగతా రోజుల్లో కర్రీ పాయింటు నుంచి తెచ్చుకుంటున్నారేమో. వారం వారం వీడియో కాల్‌లో 'మేం బాగానే ఉన్నాం' అన్న మాటే వినబడుతుంది. కంచం అబద్ధం చెప్పదు.

కొడుకో కూతురో వచ్చారంటే మాత్రం అమ్మ మళ్లీ పాత అమ్మ అయిపోతుంది. వాళ్లకు ఉప్పూ కారం వేసి ఒక కూర, నాన్నకు విడిగా ఇంకో కూర. నాన్న చెయ్యి మెల్లగా ఆ మొదటి గిన్నె వైపు వెళ్తుంటుంది. అరవై మూడు పూటల జాబితా అంటే డెబ్భై ఏళ్ల మనిషి అరవై మూడుసార్లు పొయ్యి దగ్గర నిలబడటం. తినే హడావుడిలో ఈ లెక్క ఎవరికీ గుర్తుండదు.

అందుకే ఈసారి సెలవుల్లో కొన్ని చేసి చూడొచ్చు. మొదటి మూడు రోజులు చారన్నం, పెరుగన్నంతో సరిపెట్టుకుంటే కడుపు కుదుటపడుతుంది. జాబితాలోంచి పది వంటలే ఉంచుకోవాలి. రోజూ ఒకపూట అమ్మను కూర్చోబెట్టి, చెప్పినట్టు వండాలి. 'ఇంత' అని ఆవిడ గుప్పిట్లోకి తీసుకున్న కారాన్ని చెంచాతో కొలిచి రాసుకోవాలి. ఆవకాయకు ఉప్పెంత, ఆవపిండెంత అన్నది ఇంటింటికీ మారే లెక్క. ఏ దుకాణంలోనూ అది దొరకదు. ఒకరోజు నాన్న మందుల డబ్బా తీసి చూడాలి, ఆయనతో పాటు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మిగతావాటికంటే ముందు ఆ పని!

తిరుగు ప్రయాణానికి పచ్చళ్లు, పొడులు సర్దేటప్పుడు ఎండుకొబ్బరి చిప్పలు మాత్రం వద్దు. నూనె ఎక్కువుండి తనంతట తానే అంటుకునే వీలున్న సరుకని విమానాల్లో ఒప్పుకోరు, పెట్టెలోంచి తీయించేస్తారు. ఇల్లు చేరాక అమ్మకు చేసే మొదటి ఫోన్లో 'చేరాం' అన్న మాటతో పాటు ఇంకో ప్రశ్న కూడా అడగాలి... 'మీరిద్దరూ ఈపూట ఏం తిన్నారమ్మా?'