యాభై దాటాక మొదటి పాఠం

1952లో బొంబాయి వచ్చేనాటికే యెహుదీ మెనూహిన్ ప్రపంచమంతా ఎరిగిన వయొలిన్ విద్వాంసుడు. చిన్నప్పటి నుంచీ కచేరీలు చేసి చేసి ఒళ్లు అలిసిపోయి, సరిగ్గా నిద్ర పట్టని స్థితిలో ఉన్నారు. అలాంటి మనిషిని యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ ముందుగా శవాసనంలో పడుకోబెట్టారు. మెనూహిన్ నిద్రపోయారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి శిష్యరికం చేశారు. తన వయొలిన్ గురువుల్లో అయ్యంగారే అందరికన్నా గొప్పవారని ఒక చేతిగడియారం మీద చెక్కించి ఆయనకి బహూకరించారు.

విజయనగరంలో వీణ నేర్పే నాకు ఈ కథలో గడియారం కన్నా ఆ పడుకోవడమే గొప్పగా తోస్తుంది. చేతిలో అంత విద్య ఉన్నవారు, ఏమీ రానివారిలా నేలమీదికి దిగడానికి ఒప్పుకున్నారు.

నా దగ్గరికి వీణ కోసం వచ్చే పెద్దవాళ్లలో చాలామంది తొలి పాఠాల్లోనే, జంట స్వరాల దగ్గర మానేస్తారు. మంచి సంగీతం ఎలా ఉంటుందో వాళ్ల చెవికి తెలుసు. వేలు మాత్రం ఇంకా పలికించలేదు. పిల్లలకి ఆ రెంటి మధ్య దూరం తెలియదు కాబట్టి హాయిగా వాయించేస్తారు, పెద్దవాళ్లు కుంగిపోతారు. యాభై దాటాక యోగా క్లాసులో చేరిన మొదటి వారమే ఆ దూరం నా ఒంట్లో నాకు కనిపించింది.

వీణ ఒళ్లో పెట్టుకుని మఠం వేసుకుని గంటలు గంటలు కూర్చోగలను. అదే కాళ్లు చాపి ముందుకు వంగమంటే, చేతులు మోకాళ్లు దాటలేదు. మా టీచరుది మా అమ్మాయి వయసు. "అమ్మా, వంగడం తర్వాత చూద్దాం. ముందు దుప్పటి మడత మీదికి జరగండి. మోకాళ్లు కొంచెం మడిచే ఉంచండి" అంది.

ఆ దుప్పటి ఎందుకో ఆమే చెప్పింది. తొడ వెనక కండరాలు పైన మనం కూర్చునే ఎముకకీ, కింద మోకాలి దిగువకీ అంటుకుని ఉంటాయి. అవి బిగిసి ఉంటే కాళ్లు చాపగానే కటిని వెనక్కి లాగేస్తాయి, వెన్ను గూనిలా వంగుతుంది. కింద కాస్త ఎత్తు పెట్టుకుంటే కటి ముందుకి వాలుతుంది. ఇక గబుక్కున లాగామంటే, సాగుదలని కనిపెట్టే నరాలు అపాయమనుకుని కండరాన్ని మరింత బిగిస్తాయి. మెల్లగా వెళ్లి, ఊపిరి వదులుతూ ఆగితే ఆ బిగువు సడలుతుంది. మొదటి వారాల్లో మనం ఎక్కువగా వంగగలుగుతున్నామంటే, కండరం పొడుగైందని కాదు. ఆ సాగుదలని ఓర్చుకోవడం నాడీవ్యవస్థ నేర్చుకుంటోందన్నమాట. ఇది విన్నాక పక్కవాళ్ల చేతులు ఎక్కడిదాకా వెళ్లాయో చూడటం మానేశాను.

వీణలో మొదటి పాఠంగా మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు మూడు కాలాల్లో వాయించమంటాం. మొదటి కాలంలో స్వరానికీ స్వరానికీ మధ్య బోలెడు చోటుంటుంది, అపస్వరం దాక్కోలేదు. నాకు తాడాసనం అలాంటిది. పైకి చూస్తే ఊరికే నిలబడటం. కానీ ఏళ్ల తరబడి వీణ మెట్ల మీద తిరిగిన ఎడమ చేయి, ఆ భుజాన్ని చెవి దగ్గరికి లాక్కుని ఉంచిందని అలా నిలబడ్డప్పుడే తెలిసింది. సూర్యనమస్కారాల హడావిడిలో అది నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అందుకే ఈ మొదటి దశని త్వరగా దాటేయాలని నాకు లేదు. ఒంటి మాట ఇంత స్పష్టంగా వినపడటం నాకు కొత్త.

అయ్యంగార్ కూడా బలమైన శరీరంతో మొదలుపెట్టలేదు. చిన్నతనంలో మలేరియా, టైఫాయిడ్, క్షయ ఆయన్ని పీల్చేశాయి. 1934లో మైసూరులో యోగా నేర్పే బావగారు కృష్ణమాచార్య దగ్గరికి చేరేసరికి నీరసంగా, బిగుసుకుపోయి ఉన్నారు. తర్వాత రోజుల్లో చెక్కదిమ్మలు, పట్టీలు, తాళ్లు, కుర్చీలు పెట్టి జబ్బుపడ్డవాళ్ల చేత, ముసలివాళ్ల చేత ఆయన ఆసనాలు వేయించారంటే ఆ తొలినాళ్లు మరిచిపోలేదనే అనుకుంటాను. 1966లో వచ్చిన 'లైట్ ఆన్ యోగా'లో ఆసనాలకి కష్టాన్ని బట్టి అంకెలు వేశారు. తాడాసనానికి వేసిన అంకె 1. అయినా అందులో ఎలా నిలబడాలో వివరంగా రాశారు.

2025 జూన్ 21న, యోగా దినోత్సవం నాడు, విశాఖ ఆర్.కె. బీచ్ నుంచి మా జిల్లా భోగాపురం దాకా లక్షలమంది యోగా చేశారు. ఆ ఊపులో మా వీధిలోనూ చాలామంది మ్యాట్లు కొన్నారు. కొన్నాళ్లకి "నాకు పద్మాసనం పడదండీ, ఇక రాదు" అని కొందరు మానేశారు. నాకు బాధేసింది. తుంటి గిన్నె లోతు, తొడ ఎముక తిరిగి ఉన్న తీరు మనిషికో రకం. కొందరికి పద్మాసనం ఎన్నేళ్లకీ కుదరదు, అది లోపమూ కాదు. బలవంతంగా మెలిపెడితే దెబ్బతినేది మోకాలు. సుఖాసనంలో కూర్చోవచ్చు, అదీ కష్టమైతే కుర్చీలో కూర్చోవచ్చు. రక్తపోటు, గ్లాకోమా, మోకాళ్ల నొప్పులు ఉంటే మొదటిరోజే టీచరుకి చెప్పాలి. మొదటి రెండూ ఉన్నవాళ్లు తలకిందుల ఆసనాల జోలికి వెళ్లకూడదు. భోజనం చేశాక మూడు నాలుగు గంటలు ఆగాలి.

ఇప్పుడు నా వీణ క్లాసులో పెద్దవాళ్లందరికీ దుప్పటి మడతలు వేస్తున్నాను. నడుము నొప్పని అరగంటకే లేచిపోయే ఒకావిడ, కిందటి వారం జంట స్వరాలు ఆఖరి వరస దాకా కూర్చుని వాయించారు.