ఓడిన పాయింటు తరువాతి క్షణాలు

భౌతికశాస్త్ర పాఠాలలో 'స్థితిస్థాపకత' అనే పదం చదువుకోని తెలుగువారు అరుదు. రబ్బరు కంటే ఉక్కుకే ఆ గుణం అధికమని ఉపాధ్యాయుడు చెప్పినప్పుడు తరగతి అంతా విస్తుపోవడం కూడా చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎంత సాగుతుందన్నది ఇక్కడ ప్రధానం కాదు. సాగదీసిన బలాన్ని తొలగించగానే వస్తువు పూర్వరూపాన్ని పొందడమే స్థితిస్థాపకత. మానవ మనస్సుకు ఈ గుణం ఏ మేరకు ఉన్నదో కచ్చితంగా కొలిచే సాధనం ఏ ప్రయోగశాలలోనూ లేదు. బాడ్మింటన్, టెన్నిస్ కోర్టులు మాత్రం అటువంటి సాధనానికి చాలా దగ్గరగా వస్తాయి.

ఇందుకు కారణం ఆ ఆటల లెక్కలోనే ఉన్నది. ఫుట్‌బాల్‌లో తొంభై నిమిషాలు ఆడినా ఒకటి రెండు గోల్స్ పడితే గొప్ప. రాకెట్ క్రీడలో ఓటమి తరచుగా పలకరిస్తూనే ఉంటుంది. సింగిల్స్‌లో తప్పును పంచుకునే తోటి ఆటగాడు కూడా ఉండడు. టెన్నిస్ దిగ్గజం రోజర్ ఫెదరర్ 2024లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాల స్నాతకోత్సవంలో ప్రసంగిస్తూ తన లెక్క తానే బయటపెట్టాడు. ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచ్‌లలో దాదాపు 80 శాతం గెలిచినప్పటికీ, పాయింట్లలో గెలిచినవి 54 శాతం మాత్రమేనట! అంతటి ఆటగాడు సైతం ప్రతి వంద పాయింట్లలో 46 పోగొట్టుకున్నాడన్నమాట.

పోయిన పాయింటుకూ మరుసటి సర్వీసుకూ నడుమ టెన్నిస్‌లో లభించే వ్యవధి 25 సెకన్లు. బాడ్మింటన్‌లో కూడా విరామం స్వల్పమే. ఈ స్వల్ప విరామంలో శరీరంలో జరిగే రసాయన వ్యవహారం ఆసక్తికరమైనది. భయమో, కోపమో కలిగిన కొద్ది సెకన్లలోనే అధివృక్క గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి విడుదల చేస్తాయి. రక్తంలో దాని అర్ధాయువు సుమారు రెండు మూడు నిమిషాలు. కార్టిసోల్ అనే మరొక హార్మోను మరింత నెమ్మది. ఒత్తిడి ఆరంభమైన ఇరవై ముప్పై నిమిషాలకు గాని అది గరిష్ఠ స్థాయికి చేరదు. కనుక మొదటి గేములో పడిన కంగారు తాలూకు కార్టిసోల్ రెండవ గేములో కూడా వెంటాడుతూనే ఉంటుంది. రక్తంలోని ఈ పదార్థాలను ఇరవై సెకన్లలో తొలగించుకోవడం ఎవరి తరమూ కాదు. వశంలో ఉండేవి శ్వాస, దృష్టి మాత్రమే. ఊపిరిని నెమ్మదిగా విడిచినప్పుడు వేగస్ నాడి ప్రభావం వలన గుండె వేగం కొంత తగ్గుతుంది. తువ్వాలుతో ముఖం తుడుచుకోవడం, రాకెట్ తీగలను సవరించుకోవడం చూసేవారికి కాలయాపనగా తోచవచ్చు. పోయిన పాయింటు నుండి మనస్సును మళ్లించి, రాబోయే దానిపై నిలుపుకోవడానికి ఆటగాళ్లు అలవరచుకున్న ఉపాయాలివి.

2017 ఆగస్టులో గ్లాస్గో నగరంలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌ను బ్రిటన్‌లోని తెలుగువారు అంత సులభంగా మరువలేరు. హైదరాబాద్‌కు చెందిన పి.వి.సింధు, జపాన్ క్రీడాకారిణి నొజోమి ఒకుహారా 110 నిమిషాల పాటు తలపడ్డారు. రెండవ గేము చివరి పాయింటు తేలడానికి షటిల్ 73 పర్యాయాలు వల దాటవలసి వచ్చింది. ఆ పాయింటు సింధుకే దక్కింది గాని, మ్యాచ్ మాత్రం 19-21, 22-20, 20-22తో చేజారింది. మొత్తం 124 పాయింట్లలో సింధుకు 61, ఒకుహారాకు 63, తేడా రెండే. మరుసటి సంవత్సరం నాన్జింగ్ ఫైనల్‌లో స్పెయిన్‌కు చెందిన కరోలినా మారిన్ చేతిలో మళ్లీ ఓటమి. 2019లో బాసెల్ ఫైనల్‌లో తిరిగి ఒకుహారాయే ఎదురైంది. ఈసారి సింధు 21-7, 21-7తో గెలిచింది. 56 పాయింట్లలో 42, అనగా సరిగ్గా 75 శాతం!

సింధుకు శిక్షణ ఇచ్చిన పుల్లెల గోపీచంద్ కథ కూడా ఇటువంటిదే. 1994లో మోకాలికి తీవ్రమైన గాయమై శస్త్రచికిత్స చేయించుకున్న ఆ ప్రకాశం జిల్లా యువకుడు, 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలుచుకున్నాడు. ఆ రోజులలో సర్వీసు చేసేవారికే పాయింటు లభించేది; సర్వీసు చేస్తూ ర్యాలీ ఓడితే సర్వీసు మాత్రమే పోయేది. 2006 నుండి ప్రతి ర్యాలీకి పాయింటు ఉన్నది. తప్పుకు ఆనాడున్న కాస్త మినహాయింపు కూడా పోయింది.

అయితే ఆట మనోనిబ్బరాన్ని పెంచుతుందా, మనోనిబ్బరం ఉన్నవారే ఆటలో మిగులుతారా? విజేతలను మాత్రమే చూసి ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడం శాస్త్రసమ్మతం కాదు. రెండూ కొంత కొంత నిజమనడమే సమంజసం. పైగా ఉక్కు తీగను సైతం స్థితిస్థాపక అవధి దాటి లాగితే అది పూర్వరూపానికి రాదు. ఆ అవధి ఒక్కొక్క పిల్లవాడికి ఒక్కొక్క విధంగా ఉంటుంది.

శనివారం ఉదయం ఏ క్రీడాప్రాంగణానికి వెళ్లినా దీనిని గమనించవచ్చు. పాయింటు పోగానే కొందరు పిల్లలు షటిల్ కోసం వంగుతారు. మరికొందరి చూపు మాత్రం గోడ పక్కన కూర్చున్న తండ్రి ముఖం వైపు పోతుంది. తమకు దక్కిన ఆ కొద్ది సెకన్లను వారు తండ్రి కనుబొమల కదలికలు చదవడానికే వెచ్చిస్తారు. మ్యాచ్ ఓడితే తిరుగు ప్రయాణంలో, కార్టిసోల్ ఇంకా దిగకముందే, కారులో సమీక్ష మొదలవుతుంది. దానిని మరునాటికి వాయిదా వేయవచ్చు. దారిలో ఆకలవుతున్నదేమో అడిగితే సరిపోతుంది.